క్లస్టర్ ఏపీఐని పబ్లిక్ ఇంటర్నెట్ నుంచి తీసేస్తున్నా: ప్రాజెక్టు డైరీ

శనివారం, మొదలు

మాది చిన్న కుబెర్నెటిస్ క్లస్టర్, అంటే మా ప్రోగ్రాములను కంటెయినర్లలో పెట్టి నడిపే మెషీన్ల గుంపు. ముంబైలో అద్దెకు తీసుకున్న మూడు వర్చువల్ మెషీన్లు. ఒకటి కంట్రోల్ ప్లేన్, అంటే అన్నిటినీ నడిపించేది, మిగతా రెండూ అసలు పని చేసే వర్కర్లు. కట్టింది క్యూబ్‌అడ్మిన్ అనే టూల్‌తో, పాడ్‌లు (కంటెయినర్లు నడిచే చిన్న యూనిట్లు) మాట్లాడుకునే నెట్‌వర్క్‌కి ఫ్లానెల్. మూడింటికీ ప్రైవేటు అడ్రసులున్నాయి, కంట్రోల్ ప్లేన్‌ది 10.0.0.2, దానికి పబ్లిక్ అడ్రస్ కూడా ఉంది. క్లస్టర్‌కి వచ్చే ఆదేశాలన్నీ తీసుకునే ఏపీఐ సర్వర్ అక్కడే 6443 పోర్టులో వింటుంది. ఇన్నాళ్లూ మేమందరం ఆ పబ్లిక్ అడ్రస్ మీదే ఆ పోర్టుకి క్యూబ్‌సీటీఎల్ అనే కమాండ్‌తో వెళ్తున్నాం. పనిచేస్తోంది కదా అని ఎవరూ కదపలేదు.

ఇప్పుడు కదపాల్సి వచ్చింది. కొన్ని నెలల కిందట టీం నుంచి ఒకతను వెళ్లిపోయాడు, అతని పాత ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ కాన్ఫిగ్ ఫైలు, అంటే పూర్తి అధికారాల సర్టిఫికెట్ ఉన్న ఫైలు, ఉంది. మనిషి మంచివాడే, అతని మీద అనుమానం ఏమీ లేదు. తంటా ఆ ఫైలుతోనే. కుబెర్నెటిస్‌లో క్లయింట్ సర్టిఫికెట్‌ని రద్దు చేసే ఏర్పాటే లేదు. మన సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే మూల సర్టిఫికెట్) సంతకం ఉందా, గడువు ఉందా, ఏపీఐ సర్వర్ చూసేది అంతే. రద్దయిన వాటి జాబితా లాంటిది అది చదవదు. పైగా మాది పాత వెర్షన్‌లో కట్టిన క్లస్టర్ కాబట్టి ఆ ఫైలు సిస్టమ్ మాస్టర్స్ అనే గ్రూపులో ఉంది, ఎవరికి ఏ అనుమతో చెప్పే ఆర్‌బ్యాక్ రూల్స్ అన్నీ పీకేసినా ఆ గ్రూపు అధికారం పోదు. 1.29 నుంచి క్యూబ్‌అడ్మిన్ ఈ పద్ధతి మార్చింది, మామూలు అడ్మిన్ ఫైలుకి వేరే గ్రూపు ఇచ్చి ఆ అడ్డూ అదుపూ లేని అధికారాన్ని ఇంకో ఫైలులో విడిగా పెట్టింది. కానీ అంతకుముందు బయటికెళ్లిన ఫైలు అలాగే ఉంటుంది కదా.

ఉన్న దారులు రెండు. సీఏ మొత్తం మార్చేయడం, లేదా ఎవరు ఏ ఫైలు పట్టుకొచ్చినా అసలు 6443 దాకా చేరకుండా చేయడం. సీఏ మార్పు కూడా చేయాలి, కాదనను, కానీ అది నిదానంగా చేయాల్సిన పని. ముందు రెండోది.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ఏ సర్టిఫికెట్టూ లేకుండా బయటి మనిషిలా మా 6443ని తట్టి చూశా. పాడ్‌ల జాబితా అడిగితే 403 (నిరాకరణ) ఇచ్చింది, సిస్టమ్ అనానిమస్‌కి, అంటే లాగిన్ లేకుండా వచ్చినవాళ్లకి, అనుమతి లేదంది. బాగుంది. కానీ వెర్షన్ అడిగితే మాత్రం ఏమీ దాచుకోకుండా చెప్పేసింది, చివరి ప్యాచ్ నంబరుతో సహా. ఇది మా పొరపాటు సెట్టింగ్ కాదు, డిఫాల్టే అంత: వెర్షన్, హెల్త్ చెక్కులు ఎవరికైనా కనిపిస్తాయి. సర్వర్ తనెవరో చూపించే టీఎల్ఎస్ సర్టిఫికెట్ అయితే ఇంకా వాగుడుకాయ. అందులో కుబెర్నెటిస్ డాట్ డిఫాల్ట్ అనే పేరు, 10.96.0.1 అనే లోపలి సర్వీస్ అడ్రస్, మెషీన్ ప్రైవేటు అడ్రస్, హోస్ట్ పేరు అన్నీ వరసగా ఉంటాయి. అందుకే పోర్టు నంబరు మార్చి దాచుకుందాం అనే ఆలోచన నాకు మొదట్నుంచీ ఎక్కదు, సర్టిఫికెట్ చూసిన ఏ స్కానరైనా ఒక్క క్షణంలో కనిపెట్టేస్తుంది.

మేమొక్కళ్లమే కాదు ఇలా ఉన్నది. 2022 మేలో షాడోసర్వర్ ఫౌండేషన్ అనే భద్రతా సంస్థ ఇంటర్నెట్ అంతా స్కాన్ చేస్తే 4.5 లక్షలకు పైగా కుబెర్నెటిస్ ఏపీఐ సర్వర్లు కనిపించాయి, వాటిలో 3.8 లక్షలకు పైగా 200 ఓకే అని జవాబిచ్చాయి. అవన్నీ దొంగలకు తెరిచి ఉన్నాయని కాదు, మాది వెర్షన్ చెప్పినట్టే అవీ ఏదో ఒకటి చెబుతున్నాయి. అంతమాత్రానికి ఏమవుతుంది అంటే 2018 డిసెంబర్ గుర్తు చేస్తా. సీవీఈ 2018-1002105 అనే నంబరుతో బయటపడ్డ కుబెర్నెటిస్ లోపం, తీవ్రత 10కి 9.8. కనెక్షన్ రకం మార్చమనే అప్‌గ్రేడ్ రిక్వెస్ట్ విఫలమైన తర్వాత కూడా ఏపీఐ సర్వర్ వెనక వైపు కనెక్షన్‌ని తెరిచే ఉంచేది, దాంట్లోంచి తర్వాతి రిక్వెస్టులు సర్వర్ అధికారంతోనే దూరిపోయేవి. మెట్రిక్స్ సర్వర్ లాంటి అనుబంధ ఏపీఐ ఉన్న క్లస్టర్లలో అప్పటి డిఫాల్ట్ సెట్టింగులకి లాగిన్ కూడా అక్కర్లేదు, పోర్టు అందితే చాలు. ఆర్‌బ్యాక్ ఎంత చక్కగా రాసుకున్నా ఆ రోజు అక్కరకు రాలేదు.

ఆదివారం

చాలామంది ఇక్కడ నేరుగా ఫైర్‌వాల్ రూల్ రాసేస్తారు. నేను ముందు లెక్క తేల్చుకోవాలనుకున్నా: 6443కి అసలు ఎవరెవరు వస్తున్నారు? దానికి ఏపీఐ సర్వర్ తనకొచ్చే రిక్వెస్టులని రాసుకునే ఆడిట్ లాగ్ ఆన్ చేయాలి. మెటాడేటా స్థాయి చాలు, ఎవరు, ఎక్కడ్నుంచి, ఏం అడిగారు అన్నవి వస్తాయి, రిక్వెస్ట్ లోపలి సరుకు రాదు. లీజులు, ఈవెంట్లు అనే పదేపదే వచ్చే లోపలి రికార్డుల చప్పుడు పాలసీలోనే తీసేశా, లేకపోతే డిస్క్ నిండిపోతుంది.

ఇది చేసేవాళ్లకి రెండు మాటలు. ఏపీఐ సర్వర్ స్టాటిక్ పాడ్‌గా, అంటే ఒక ఫోల్డర్‌లోని మేనిఫెస్ట్ (వివరణ ఫైలు) చూసి క్యూబ్‌లెట్ అనే ప్రతి మెషీన్‌లోని ఏజెంట్ నేరుగా లేపే పాడ్‌గా, నడుస్తుంది కాబట్టి పాలసీ ఫైలునీ, లాగ్ ఫోల్డర్‌నీ మేనిఫెస్ట్‌లో హోస్ట్ పాత్ వాల్యూమ్‌లుగా (మెషీన్ డిస్క్ నుంచి పాడ్‌కి ఇచ్చేవి) కూడా చూపించాలి, ఫ్లాగ్ ఒక్కటే పెడితే సర్వర్ లేవదు. అది లేవకపోతే క్యూబ్‌సీటీఎల్ ఉండదు, కంటెయినర్లని నేరుగా చూపించే క్రిసీటీఎల్‌తో కంటెయినర్ లాగ్ చూసుకోవాల్సిందే. రెండోది, మార్చేముందు మేనిఫెస్ట్ కాపీ తీసి అదే ఫోల్డర్‌లో పెట్టొద్దు. చుక్కతో మొదలయ్యే పేర్లు తప్ప ఆ ఫోల్డర్‌లో ఏ ఫైలున్నా క్యూబ్‌లెట్ దాన్ని ఇంకో పాడ్ అనుకుని లేపడానికి చూస్తుంది. కాపీ హోమ్ డైరెక్టరీలో పెట్టుకోండి.

సోమవారం రాత్రి

ఒక పూర్తి పనిదినం లాగ్ చేతికొచ్చింది. సోర్స్ అడ్రసుల వారీగా విడదీస్తే చదవడానికి భలే ఉంది. మేము మనుషులం, ఇళ్ల అడ్రసుల నుంచి. వర్కర్ల క్యూబ్‌లెట్లు, క్యూబ్‌ప్రాక్సీ (సర్వీస్ అడ్రసులని అసలు అడ్రసులకి తిప్పేది), ఫ్లానెల్, అన్నీ 10.0.0.3, 10.0.0.4 నుంచి. కోడ్ మారినప్పుడు దాన్ని కట్టి డిప్లాయ్‌మెంట్ చేసే సీఐ రన్నర్, ఇది హోస్టెడ్ సర్వీస్ కాబట్టి ప్రతిసారీ కొత్త అడ్రస్. బయటి అప్‌టైమ్ మానిటర్ ఒకటి, సర్వర్ బతికే ఉందా అని లైవ్‌జెడ్ పాత్‌ని అడుగుతూ ఉంటుంది, దాన్ని ఎప్పుడు పెట్టారో టీంలో ఎవరికీ గుర్తు లేదు. అనానిమస్ పేరుతో 10.0.0.2 నుంచే బోలెడు రిక్వెస్టులు కనిపించి ఒక్క క్షణం గుండె జారింది, తీరా చూస్తే క్యూబ్‌లెట్ ఏపీఐ సర్వర్‌కి చేసే ఆరోగ్య పరీక్షలే. ఇక మిగిలినవి ఊరూ పేరూ లేని అడ్రసులు: వెర్షన్ అడిగేవి, పాడ్‌లు అడిగేవి, ఇది వెబ్‌సైట్ అనుకుని పీహెచ్‌పీ అడ్మిన్ పేజీ వెతికేవి.

అసలు రత్నం ఇంకోటి దొరికింది. క్లస్టర్ లోపల పేర్లని అడ్రసులుగా మార్చే కోర్‌డీఎన్ఎస్ పాడ్‌ల రిక్వెస్టులు 10.244.0 సిరీస్ నుంచి వస్తున్నాయి, అంటే పాడ్ అడ్రస్ నుంచి నేరుగా. కానీ వర్కర్ల మీద ఉన్న పాడ్‌లవి మాత్రం వర్కర్ మెషీన్ అడ్రస్‌తోనే కనిపిస్తున్నాయి. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. పాడ్ ఎప్పుడూ 10.96.0.1 పోర్టు 443కే మాట్లాడుతుంది, క్యూబ్‌ప్రాక్సీ దాన్ని 10.0.0.2 పోర్టు 6443కి తిప్పుతుంది. వర్కర్ నుంచి బయటికి పోయే ప్యాకెట్‌కి ఫ్లానెల్ మాస్కరేడ్, అంటే పంపినవాళ్ల అడ్రస్ బదులు మెషీన్ అడ్రస్ పెట్టే రూల్, తగిలి అడ్రస్ మారిపోతుంది. కోర్‌డీఎన్ఎస్ పాడ్‌లు మా దగ్గర కంట్రోల్ ప్లేన్ మీదే కూర్చున్నాయి, ప్యాకెట్ ఆ మెషీన్ దాటి పోనేపోదు, మాస్కరేడ్ ఊసే లేదు, కాబట్టి పాడ్ అడ్రస్ అలాగే ఇన్‌పుట్ చెయిన్‌కి, అంటే మెషీన్‌కే వచ్చే ప్యాకెట్లని ఫైర్‌వాల్ చూసే చోటికి, వస్తుంది. నోడ్ల (క్లస్టర్‌లోని మెషీన్ల) అడ్రసులు మాత్రమే ఒప్పుకునే రూల్ రాసి ఉంటే క్లస్టర్ మొత్తానికి డీఎన్ఎస్ పోయేది, అదీ వెంటనే కాదు, కోర్‌డీఎన్ఎస్ మళ్లీ లేచినప్పుడు, అంటే ఏ అర్ధరాత్రో.

మంగళవారం

దారి ఏది అన్న చర్చ. టీంలో మొదట వచ్చిన మాట, మన ఇళ్ల ఐపీలు మాత్రమే ఒప్పుకుందాం అని. ఇక్కడి ఇంటర్నెట్‌తో అది కుదరదు. మాలో ఇద్దరికి ఇంట్లో క్యారియర్ గ్రేడ్ నాట్, రౌటర్‌కి వచ్చేది 100.64 సిరీస్ అడ్రస్, బయటికి కనిపించే ఐపీని ఇంకా ఎంతమంది కస్టమర్లు పంచుకుంటున్నారో తెలీదు. వీధి మొత్తానికి ఒకే డోర్ నంబరు ఇచ్చి, ఆ నంబరు చెప్పినవాళ్లందరినీ లోపలికి రానిచ్చినట్టు ఉంటుంది. అదీ రోజూ ఒకటే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ మంచిదే, ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. లోకల్ 6443ని అటు తిప్పితే చాలు. అయితే క్యూబ్‌అడ్మిన్ తయారుచేసే సర్టిఫికెట్‌లో 127.0.0.1 (మన సొంత మెషీన్ అడ్రస్) ఉండదు, క్యూబ్‌సీటీఎల్ ఒప్పుకోదు. దానికి టీఎల్ఎస్ వెరిఫికేషన్ ఆపేయమని చెప్పే సలహాలు చూస్తే ఒళ్లు మండుతుంది, కాన్ఫిగ్ ఫైలులో టీఎల్ఎస్ సర్వర్ నేమ్ అనే చోట కుబెర్నెటిస్ అని రాస్తే ఆ పేరు సర్టిఫికెట్‌లో ఎలాగూ ఉంటుంది కాబట్టి వెరిఫికేషన్‌తోనే పనిచేస్తుంది. దీన్ని అత్యవసర దారిగా ఉంచుకున్నా.

రోజువారీ వాడకానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్. 2020లో లినక్స్ కెర్నల్ 5.6తో లోపలికొచ్చేసింది కాబట్టి అదనపు మాడ్యూల్ గొడవ లేదు. నాకు దీంట్లో నచ్చింది మౌనం: సరైన కీ లేని ప్యాకెట్‌కి అసలు జవాబే ఇవ్వదు, స్కానర్‌కి అక్కడ ఏదో ఉందని కూడా తెలీదు. ఒకరు టీం వదిలితే వాళ్ల పబ్లిక్ కీ తీసేస్తే సరి, ఆ క్షణం నుంచి ప్రవేశం లేదు. సర్టిఫికెట్‌కి లేని రద్దు ఇక్కడ దొరుకుతోంది.

బుధ, గురువారాలు

వైర్‌గార్డ్‌ని కంట్రోల్ ప్లేన్ మీదే పెట్టకుండా అదే ప్రైవేటు నెట్‌వర్క్‌లో చిన్న మెషీన్ ఒకటి తీసుకుని గేట్‌వే చేశా, అడ్రస్ 10.0.0.5, టన్నెల్ లోపలి సిరీస్ 10.9.0.0/24. కంట్రోల్ ప్లేన్‌కి పబ్లిక్ వైపు ఏ సర్వీసూ మిగలకూడదని ఉద్దేశం.

గేట్‌వే గురించి దొరికే గైడ్లు ఎక్కువగా మాస్కరేడ్ పెట్టమంటాయి. తేలిక పనే, కానీ అలా చేస్తే ఆడిట్ లాగ్‌లో మనుషులందరూ 10.0.0.5గా కనిపిస్తారు, ఎవరు ఏం చేశారో నెట్‌వర్క్ వైపు నుంచి పోల్చలేం. మాస్కరేడ్ వద్దనుకున్నా. బదులుగా 10.9 సిరీస్‌కి దారి 10.0.0.5 అని కంట్రోల్ ప్లేన్‌లో ఒక రూటు, ప్రొవైడర్ ప్రైవేటు నెట్‌వర్క్ సెట్టింగుల్లో అదే రూటు మళ్లీ. రెండోది లేకపోతే ప్యాకెట్ మధ్యలోనే పడిపోతుంది, టన్నెల్ మాత్రం శుభ్రంగా ఉన్నట్టే చూపిస్తుంది. ఇప్పుడు ప్రతి మనిషికీ సొంత 10.9 అడ్రస్, లాగ్‌లో అదే కనిపిస్తుంది.

ల్యాప్‌టాప్‌ల వైపు, టన్నెల్ లోంచి పోవాల్సిన అడ్రసులు రాసే అలౌడ్ ఐపీస్‌లో 10.0.0.2/32 ఒక్కటే. ఇంట్లో వాళ్ల సినిమాలు మా గేట్‌వే మీదుగా పోవాల్సిన పని లేదు. దారి తెరిచి ఉంచడానికి పంపే కీపలైవ్ ప్యాకెట్ 25 సెకన్లకోటి, నాట్ వెనక ఉన్నవాళ్లకి ఇది లేకపోతే కాసేపు ఊరుకుంటే దారి మూసుకుపోతుంది.

సర్టిఫికెట్ పని కూడా ఇప్పుడే. కాన్ఫిగ్ ఫైళ్లలో అడ్రస్ కాకుండా పేరు ఉండాలని నా పట్టు, రేపు కంట్రోల్ ప్లేన్ మారినా అందరి ఫైళ్లూ మార్చక్కర్లేదు. ఆ పేరు సర్టిఫికెట్‌లో లేదు, చేర్చాలి. క్యూబ్‌అడ్మిన్‌లో రెన్యూ కమాండ్ దీనికి పనికిరాదు, అది పాత సర్టిఫికెట్‌లో ఉన్న పేర్లనే మళ్లీ రాస్తుంది. ఏపీఐ సర్వర్ సర్టిఫికెట్, కీ రెండూ పక్కకి జరిపి, కొత్త పేరు చేర్చిన కాన్ఫిగ్‌తో ఆ ఒక్క దశనే మళ్లీ నడపాలి. అదే మార్పు క్లస్టర్ లోపల దాచి ఉండే క్యూబ్‌అడ్మిన్ కాన్ఫిగ్‌లో కూడా రాశా.

ఆ పేరుకి పబ్లిక్ డీఎన్ఎస్‌లో 10.0.0.2 అని రికార్డు పెట్టాం. గురువారం పొద్దున్నే డిప్లాయ్‌మెంట్లు చూసే అమ్మాయి ఫోన్: "అన్నా, టన్నెల్ లేచింది కానీ పేరు దొరకట్లేదంటోంది." "పింగ్ కాదమ్మా, ఆ పేరుకి ఏ అడ్రస్ వస్తోందో చూడు." ఏమీ రావట్లేదు. వాళ్లింటి రౌటర్ పని అది, బయటి డీఎన్ఎస్ నుంచి ప్రైవేటు అడ్రస్ జవాబుగా వస్తే రీబైండింగ్ దాడి (బయటి పేరుతో ఇంటి నెట్‌వర్క్‌లోకి దూరేది) అనుకుని తీసేస్తుంది. రౌటర్‌ని తప్పుపట్టలేం, అది చేస్తున్నది సరైన పనే. రికార్డు పీకేసి, అందరి ల్యాప్‌టాప్‌లలో పేరుకి అడ్రస్ రాసుకునే హోస్ట్స్ ఫైలులో ఒక లైను పెట్టించా. నలుగురికి అది చాలు.

శనివారం, మూసేసే రోజు

ప్రొవైడర్ ఇచ్చే ఫైర్‌వాల్ పబ్లిక్ వైపుకే వర్తిస్తుంది, అక్కడ 6443 తీసేశాం. దాని మీదే ఆధారపడకుండా మెషీన్ లోపల కూడా లినక్స్ సొంత ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌తో రూల్స్. డెబియన్ లినక్స్ ఇచ్చే ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఫైలులో మొదటి ఆదేశమే మొత్తం రూల్‌సెట్ తుడిచేయమని ఉంటుంది. మామూలు సర్వర్‌లో పర్వాలేదు. కుబెర్నెటిస్ నోడ్‌లో అయితే క్యూబ్‌ప్రాక్సీ, ఫ్లానెల్ పెట్టుకున్న రూల్స్ కూడా దాంతో పోతాయి, అవి మళ్లీ రాసుకునేదాకా సర్వీసులన్నీ నిలిచిపోతాయి. ఆ లైను తీసేసి, మన సొంత టేబుల్ ఒక్కదాన్నే చెరిపి రాసేలా పెట్టా.

టేబుల్ రకం ఐనెట్, అంటే ఐపీవీ4, ఐపీవీ6 రెండింటికీ. దీన్ని పట్టించుకోనివాళ్లు చాలామంది. ఏపీఐ సర్వర్ 0.0.0.0 మీద వింటోంది అని సెట్టింగ్‌లో ఉన్నా, గో భాష దాన్ని రెండు ప్రోటోకాల్స్‌కీ కలిపి తెరుస్తుంది, సాకెట్ల జాబితాలో చూస్తే తెలుస్తుంది. మా మెషీన్‌కి పబ్లిక్ ఐపీవీ6 అడ్రస్ ఉంది. ఐపీవీ4కి మాత్రమే రూల్ రాస్తే సగం మూసినట్టే.

6443కి ఒప్పుకునేవి: నోడ్లు ఉన్న 10.0.0.0/24, పాడ్‌ల 10.244.0.0/16, మనుషుల 10.9.0.0/24, లూప్‌బ్యాక్. మిగతావి పడెయ్. అదే ఊపులో క్యూబ్‌లెట్ 10250, ఈటీసీడీ (క్లస్టర్ డేటాబేస్) 2379, 2380 కూడా ప్రైవేటు వైపుకే కట్టేశా. నోడ్‌పోర్టులు, అంటే సర్వీసులని బయటికి తెరిచే 30000 నుంచి 32767 దాకా ఉన్నవి, ఈ ఇన్‌పుట్ రూల్స్‌కి అందవు. వాటి గమ్యం ముందే మారిపోయి ఫార్వర్డ్ దారిలో పోతాయి. వాటికి ప్రొవైడర్ ఫైర్‌వాలే దిక్కు ప్రస్తుతానికి.

రూల్స్ ఎక్కించే ముందు పది నిమిషాల తర్వాత మన టేబుల్‌ని చెరిపేసే టైమర్ ఒకటి పెట్టుకున్నా. అంతా సరిగ్గా ఉంటే టైమర్ రద్దు, నేను బయట ఇరుక్కుపోతే అదే తెరుస్తుంది.

ఎక్కించా. ఏమీ ఆగలేదు. ఇక్కడ సంబరపడకూడదు, ఎందుకంటే ఎస్టాబ్లిష్డ్ కనెక్షన్లని ఒప్పుకునే రూల్ పైన ఉంది కాబట్టి మార్పుల కబురు కోసం తెరిచి ఉంచే పాత వాచ్ కనెక్షన్లన్నీ బతికే ఉంటాయి, అసలు తప్పు ఉంటే అవి తెగి మళ్లీ కలిసేటప్పుడు బయటపడుతుంది. కాబట్టి కావాలనే తెంపా. వర్కర్ల క్యూబ్‌లెట్లు ఒక్కోటీ రీస్టార్ట్, తర్వాత ఫ్లానెల్, తర్వాత కోర్‌డీఎన్ఎస్, చివరికి ఏపీఐ సర్వర్ మేనిఫెస్ట్‌ని ఫోల్డర్ బయటికి తీసి మళ్లీ పెట్టడం. అన్నీ తిరిగి కలిశాయి, కోర్‌డీఎన్ఎస్ రెడీ అయ్యేదాకా మాత్రం టెన్షనే. టైమర్ రద్దు చేశా. ఫోన్ డేటా మీద, ఐపీవీ6తో కూడా తట్టి చూస్తే ఎటునుంచీ ఉలుకూ పలుకూ లేదు.

తర్వాతి వారం

ఊహించినట్టే సీఐ ఆగిపోయింది. దానికి వైర్‌గార్డ్ కీ ఇవ్వొచ్చు, కానీ వేరేవాళ్ల మెషీన్‌లో నడిచే రన్నర్‌కి క్లస్టర్ లోపలికి దారి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. దిశే మార్చేశాం. ఫ్లక్స్ అనే టూల్ క్లస్టర్ లోపల కూర్చుని గిట్ రిపోజిటరీ చూస్తుంది, సీఐ ఇమేజ్ కట్టి మేనిఫెస్ట్‌లో ట్యాగ్ మార్చి ఊరుకుంటుంది. కనెక్షన్ లోపల్నుంచి బయటికే. రన్నర్ దగ్గరున్న సర్వీస్ అకౌంట్ (ప్రోగ్రాములకి ఇచ్చే ఖాతా) టోకెన్ తాలూకు సీక్రెట్‌ని డిలీట్ చేస్తే ఆ టోకెన్ అక్కడితో చెల్లదు, సర్టిఫికెట్ల కన్నా ఇది ఎంత నయమో. ఎవరు పెట్టారో తెలీని అప్‌టైమ్ మానిటర్‌ని పూర్తిగా తీసేశాం, ఆ పని ఇప్పుడు గేట్‌వే మీద చిన్న స్క్రిప్ట్ చేస్తోంది.

అనానిమస్ సంగతి. పూర్తిగా ఆపేద్దామని అనిపిస్తుంది కానీ, అలా ఆపేస్తే క్యూబ్‌లెట్ చేసే ఆరోగ్య పరీక్షకే 401 (లాగిన్ కావాలి) వస్తుంది, సర్వర్ చచ్చిందనుకుని అది రీస్టార్ట్ చేస్తూనే ఉంటుంది. కొత్త వెర్షన్లలో అథెంటికేషన్ కాన్ఫిగరేషన్ ఫైలులో అనానిమస్‌ని ఫలానా పాత్‌లకే అని పరిమితం చేయొచ్చు, 1.34లో అది స్టేబుల్ అయింది. మేము లైవ్‌జెడ్, రెడీజెడ్, హెల్త్‌జెడ్ మూడే ఉంచాం, వెర్షన్ కూడా పోయింది. ఫైలులో ఇది రాస్తే పాత అనానిమస్ ఫ్లాగ్‌ని మేనిఫెస్ట్ నుంచి తీసేయాలి, రెండూ కలిపి ఉంటే సర్వర్ ఒప్పుకోదు. దీనివల్ల ఒక నష్టం ఉంది: క్యూబ్‌అడ్మిన్ జాయిన్ టోకెన్‌తో వచ్చే కొత్త వర్కర్ మొదట క్లస్టర్ వివరాలను అనానిమస్‌గానే చదువుతుంది. ఇక నుంచి కొత్త నోడ్ చేర్చేటప్పుడు ఆ వివరాల ఫైలు మనమే ఇవ్వాలి. పనుల పద్ధతి రాసుకునే రన్‌బుక్‌లో రాసిపెట్టా.

లోపల్నుంచి వచ్చే దారి ఇంకా మిగిలింది. పాడ్‌ల సిరీస్ మొత్తానికి 6443 తెరిచి ఉంది, అంటే మా వెబ్ యాప్‌లో ఎవరైనా దూరితే అక్కడ్నుంచి ఏపీఐ సర్వర్ అందుతుంది. ఏ పాడ్ ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే నెట్‌వర్క్ పాలసీ రాద్దామంటే ఫ్లానెల్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ పాలసీలు అమలు కావు. రాస్తే తీసుకుంటుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు, ఏమీ ఆపదు, నా దృష్టిలో ఇది చాలా ప్రమాదకరమైన మర్యాద. ప్రస్తుతానికి ఏపీఐతో పనిలేని పాడ్‌లన్నింటికీ సర్వీస్ అకౌంట్ టోకెన్ ఆటోమౌంట్ ఆపేశా. ఫ్లానెల్ బదులు, పాలసీలు అమలు చేసే కాలికోకి మారాక అవి రాయాలి. అప్పుడు 10.96.0.1 పోర్టు 443 అని రాస్తే పనికిరాదు, గమ్యం మారిన తర్వాతే పాలసీ చూస్తుంది కాబట్టి 10.0.0.2 పోర్టు 6443 అనే రాయాలి.

నిన్న గేట్‌వేని కావాలనే ఆపేసి చూశాం. ప్రొవైడర్ వెబ్ కన్సోల్ నుంచి కంట్రోల్ ప్లేన్‌లోకి వెళ్లి అక్కడి అడ్మిన్ ఫైలుతో పని నడిచింది, నెమ్మదిగానే అయినా నడిచింది. ఆ కన్సోల్ లాగిన్‌కి రెండో అంచె వెరిఫికేషన్ ఇద్దరికే ఉంది, మిగతా ఇద్దరికీ ఈ వారం పెట్టించాలి. ఆ తర్వాత సీఏ మార్పు, దానికి అన్ని క్యూబ్‌లెట్లూ సర్వీస్ అకౌంట్లూ కదలాలి, దాని డైరీ వేరే రాస్తా.